స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోకండి

జీపు, పికప్ లాంటి బరువైన బండ్లు నడిపేవాళ్లకు ఒక మాట. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌లో ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నెడుతుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే లోపలి సన్నటి టార్షన్ బార్ (మెలితిరిగే ఉక్కు కడ్డీ) కాస్త మెలితిరిగి వాల్వు తెరుచుకుంటుంది. ఆ ఆయిల్ స్టీరింగ్‌లోని పిస్టన్‌కు ఒక పక్కన చేరి, మీ చేతికి తోడుగా టైర్లను తిప్పుతుంది.

ఇరుకులో బండి మలిపేటప్పుడు చాలామంది స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి, బిగబట్టి ఉంచుతారు. అప్పుడు పిస్టన్ ఇక కదలదు, పంపు మాత్రం నెడుతూనే ఉంటుంది. ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్ అక్కడక్కడే తిరుగుతూ సెకన్లలో వేడెక్కుతుంది. 'గుంయ్' మని వినిపించే మూలుగు అదే! వినగానే స్టీరింగ్‌ను కొద్దిగా, ఒక వేలెడంత వెనక్కి వదలండి చాలు. పంపు, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు ఎక్కువకాలం మన్నుతాయి.

మామూలుగా తిప్పినా మూలుగుతోందంటే స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. పాలనురుగులా కనిపిస్తే లోపలికి గాలి చేరినట్టే. ఆయిల్ మట్టం తగ్గిందేమో, పైపుల దగ్గర తడి ఉందేమో చూసుకోండి. పోసేది మాత్రం బండి పుస్తకంలో రాసిన రకమే అయ్యుండాలి.