ఇంజన్ మార్చిన జీపులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ తంటాలు: సమస్య - పరిష్కారం

వరంగల్ ఆటోనగర్‌లో పాత జీపుకు వేరే ఇంజన్ పెట్టించుకునేవారు ఇంజన్ గురించీ గేర్‌బాక్స్ గురించీ నెలల తరబడి వాకబు చేస్తారు. సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకచోట చేర్చి సైలెన్సర్ పైపులోకి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మాత్రం ఇంజన్ ఛాసిస్‌లో కూర్చుని, దాన్ని మోసే ఫౌండేషన్ల వెల్డింగ్ కూడా అయిపోయిన తర్వాతే గుర్తుకు వస్తుంది. అప్పటికి మానిఫోల్డ్ మూతి ఎటు తిరిగి ఉంటే పైపు అటే పోవాలి; అక్కడ ఏది అడ్డుంటే అది కాలాలి. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

సమస్య: స్టీరింగ్ జాయింట్ రబ్బరు కరుగుతోంది, తిప్పితే పట్టేస్తోంది

మన బండ్లకు స్టీరింగ్ కుడివైపున ఉంటుంది. కొత్తగా పెట్టిన ఇంజన్‌కు ఎగ్జాస్ట్ కూడా కుడివైపునే ఉంటే, మానిఫోల్డ్ మూతి సరిగ్గా స్టీరింగ్ రాడ్ మీదికి దిగుతుంది. అమెరికా వారు తమ జీపుల్లో వీ8 ఇంజన్లు పెట్టే వీడియోలు చూసి సామాను తెప్పించుకునేవారు ఒక సంగతి మరచిపోతారు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కనుక, వారు ఎడమ మానిఫోల్డ్ గురించి చెప్పే జాగ్రత్తలన్నీ మనకు కుడి మానిఫోల్డ్‌కు వర్తిస్తాయి.

పరిష్కారం మానిఫోల్డ్ ఎంపికలోనే ఉంది. ఒకే ఇంజన్‌ను కంపెనీ కారుకూ, వ్యానుకూ, లారీకీ వాడి ఉంటే, ఒక్కోదానికి మూతి ఒక్కో చోట, అంటే ముందుకో, మధ్యలోనో, వెనక్కో పెట్టి ఉంటుంది. వాటిలో బ్లాక్‌కు దగ్గరగా అణిగి, మూతి వెనక్కి వాలి కిందికి దిగే పోత ఇనుప మానిఫోల్డ్ దొరికితే మరో మాట లేకుండా దాన్నే తీసుకోవాలి. కొనే ముందు ఇంజన్‌ను గొలుసు మీద వేలాడదీసి ఉండగానే మానిఫోల్డ్ బిగించి, మూతికి అట్టముక్కతో చేసిన గొట్టం తగిలించి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. ఇంజన్ రబ్బరు ఫౌండేషన్ల మీద ఊగుతుంది కాబట్టి, గొట్టానికీ స్టీరింగ్ రాడ్‌కూ మధ్య కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే నేను ఒప్పుకోను. స్థలం చాలలేదని స్టీరింగ్ రాడ్‌ను కోసి అతికించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు.

సమస్య: చల్లగా ఉన్నప్పుడు టక్‌టక్ శబ్దం, వేడెక్కాక మాయం

దీన్ని చాలామంది ట్యాపెట్ల శబ్దం అనుకుని ట్యాపెట్లు సెట్ చేయిస్తారు. నిజానికి ఇంజన్ హెడ్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య నుంచి పొగ గాలి బయటికి కొడుతోంది; వేడికి ఇనుము సాగి సందు మూసుకోగానే శబ్దం ఆగిపోతుంది. తెల్లవారుజామున ఇంజన్ స్టార్ట్ చేసి, మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఆ రెంటి మధ్య ఉండే ప్యాకింగ్ అంచు వెంట నడిపిస్తే ఎక్కడ కొడుతున్నదీ స్పష్టంగా వినిపిస్తుంది. ఆ చోట మసి చార కూడా ఉంటుంది, చాలాసార్లు హెడ్ నుంచి పొగ వచ్చే రంధ్రాల్లో, అంటే పోర్టుల్లో, మొదటి పోర్టు దగ్గరో చివరి పోర్టు దగ్గరో.

చివర్లలోనే ఎందుకంటే, 400 మిల్లీమీటర్ల పొడవున్న పోత ఇనుప మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. పోత మానిఫోల్డ్‌కు బదులు వాడే, స్టెయిన్‌లెస్ పైపులతో చేసిన హెడర్ అయితే నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. నీళ్లతో చల్లబడే ఇనుప హెడ్ అర మిల్లీమీటరు కూడా సాగదు. ఆ తేడా అంతా మానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే మర కడ్డీల్లో, అంటే స్టడ్లలో, చివరి వాటి మీద పడుతుంది. అందుకే చాలా కంపెనీ మానిఫోల్డ్‌లలో చివరి రంధ్రాలు స్టడ్ కన్నా వదులుగా ఉంటాయి. అది అరుగుదల అని భ్రమపడి, లేత్‌లో బుష్ వేయించి బిగువు చేయించిన బండి ఒకటి నేను చూశాను. రెండు వారాల్లో రెండు స్టడ్లూ తెగాయి.

తెగిన స్టడ్‌ను డ్రిల్లుతో తీయబోతే హెడ్ పాడయ్యే ప్రమాదం ఉంది. పైకి కొంచెం మిగిలి ఉంటే దాని మీద నట్ పెట్టి, నట్ లోపల వెల్డింగ్ నింపి, ఎరుపు దిగి చల్లారుతూ ఉండగా మొదలు దగ్గర మైనపు వత్తి ఆనించాలి. మైనం కరిగి మరల్లోకి పాకుతుంది. అప్పుడు స్పానర్‌ను కొద్దిగా బిగింపు వైపు, కొద్దిగా విప్పే వైపు ఓపికగా కదిలిస్తే కిర్రుమని వదులుతుంది. తర్వాత మానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి సందు కొలిచే పలుచని బ్లేడ్ల ఫీలర్ గేజ్‌తో చూడాలి. 0.2 మిల్లీమీటర్ల బ్లేడు దూరితే ముఖాన్ని చదును చేసే ఫేసింగ్ చేయించక తప్పదు. రెండు ప్యాకింగులు వేసి సర్దడం పరిష్కారం కాదు. నట్లను మధ్య నుంచి చివర్లకు ఆ ఇంజన్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించి, నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక మరోసారి చూసుకోవాలి. హెడరే కావాలని పట్టుబట్టేవారు దాన్ని హెడ్‌కు బిగించే పట్టీ మందం 10 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి. పలుచని పట్టీ మొదటి వేసవిలోనే వంకర పోతుంది.

సమస్య: మానిఫోల్డ్ పగులుతోంది, వెల్డింగ్ చేసినా పక్కనే మళ్లీ పగులుతోంది

వాగు దాటాక పగిలింది కనుక నీళ్లే కారణమని అందరూ అంటారు. అది సగమే నిజం. ఎర్రగా కాగిన ఇనుము మీద చన్నీళ్లు పడితే ప్రమాదమే. అందుకే మేడారం వైపు వాగుల్లో దిగే ముందు ఇంజన్‌ను పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచడం మంచిది. అయితే ముందే లాగుడు పడుతున్న చోటనే నీటి దెబ్బకు పగులు తేలుతుంది. ఇంజన్ ఊగుతుంది, గుంతల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది. పైపును మాత్రం ఛాసిస్‌కు గట్టిగా వెల్డ్ చేసి ఉంటారు. ఆ లాగుడంతా పడేది మానిఫోల్డ్ మెడ మీదే. మూతి తర్వాత పైపును గేర్‌బాక్స్‌కు క్లాంపుతో పట్టించి, ఆ తర్వాత సాగే బెలో (ముడతల గొట్టం) వేసి, అక్కడి నుంచి రబ్బరు హ్యాంగర్లతో వేలాడదీస్తే మెడ మీద లాగుడు పోతుంది. ఈ పని చేయకుండా ఎంత మంచి మానిఫోల్డ్ కొన్నా పగలక మానదు. పగిలినదాన్ని అతికించాలంటే మామూలు రాడ్ పనికిరాదు. ముందుగా కాల్చి, నికెల్ రాడ్‌తో చిన్న చిన్న గీతలుగా వేసి, వేడి బూడిదలో కప్పి రాత్రంతా చల్లారనివ్వాలి.

సమస్య: వేడి మీద సెల్ఫ్ తిరగదు

సెల్ఫ్ మోటారు మానిఫోల్డ్ కిందే పడితే ఇలా జరుగుతుంది. రాగి తీగ 100 డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది, సెల్ఫ్‌ను కదిలించే అయస్కాంత స్విచ్ అయిన సొలినాయిడ్ లాగలేకపోతుంది. మధ్యలో గాలి ఆడేలా రేకు కవచం పెట్టాలి. అంతకన్నా ముందు ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఎర్త్ వైరు ఉన్నదో లేదో చూడాలి. ఇంజన్ మార్పిడిలో దాన్ని తరచుగా మరచిపోతారు.

సమస్య: ఎక్కుడులో దమ్ము లేదు

ఎయిర్ ఫిల్టర్, పంప్ టైమింగ్ సరిగా ఉంటే, ఛాసిస్ తప్పించడానికి పైపును సుత్తితో నొక్కిన చోటు వెతకాలి. పొడవాటి గొట్టాల హెడర్లు ఎక్కువ ఆర్‌పీఎం కోసం చేసినవి. బండరాళ్లు ఎక్కే జీపుకు వాటితో ఒరిగేది తక్కువ.

సమస్య: గుంతలో దిగితే కింద ఢామ్మని తగులుతోంది, కాలిన వాసన వస్తోంది

ముందు ఇరుసు పూర్తిగా పైకి లేచినప్పుడు పైపుకు తగులుతోంది. కమాన్ కట్టలను జాకీతో రబ్బరు స్టాపర్ దాకా లేపి ఖాళీ చూడకుండా పైపు వంపు ఖరారు చేయకూడదు. వాసన సంగతి వేరు. మాఘ, ఫాల్గుణాల్లో ములుగు అడవి దారుల నిండా ఎండు టేకాకులు రాలి ఉంటాయి. అవి మానిఫోల్డ్ మూతికీ ఛాసిస్‌కూ మధ్య ఇరుక్కుని అంటుకుంటాయి. ఆ సందు వేలు దూరనంత ఇరుకుగా ఉంటే ఆకులు లాగడానికి కూడా వీలుండదు కనుక, అరచేయి పట్టేంత ఖాళీ వదిలి, బండిలో ఒక కొక్కెం కడ్డీ ఉంచుకుని, ఆగినప్పుడల్లా వంగి చూసుకోవాలి.