అర్ధరాత్రి షోకి ప్రకటన రాయడం ఎలా? తేదీ దగ్గర జనం తికమక పడకుండా

పాలకొల్లులో ఫ్లెక్సీలు, వాల్‌పోస్టర్లు డిజైన్ చేసే పని నాది. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి డెల్టాలోని ఒక థియేటర్ వాళ్ళు బెనిఫిట్ షోకి పోస్టర్ చేయించుకున్నారు. వాళ్ళు పంపిన ముక్క ఇది: "శుక్రవారం రాత్రి 1 గంటకు". నేను అదే ముక్క పెద్ద అక్షరాల్లో వేసి ఇచ్చాను. షో జరిగింది మాత్రం గురువారం రాత్రి, సెకండ్ షో వదిలాక. గడియారం 12 దాటింది కాబట్టి క్యాలెండర్ ప్రకారం అది శుక్రవారమే. వాళ్ళ లెక్కలో తప్పు లేదు.

శుక్రవారం రాత్రి నేను ఆ దారినే ఇంటికి వెళ్తుంటే గేటు బయట ఒక కుటుంబం నిలబడి ఉంది. సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చారట. ఆ వేళకి నరసాపురం రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఉండదు కదా, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చారు. తండ్రి భుజం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు, ఒంటి మీద హీరో బొమ్మ ఉన్న టీషర్టు. ఆయన చేతిలో టికెట్టు చెమటకి మెత్తబడిపోయింది. "శుక్రవారం అనే ఉంది కదండీ, చూడండి" అంటూ ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి వాచ్‌మన్‌కి చూపిస్తున్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు. టికెట్టు మీద తేదీ సరిగ్గానే ఉందన్నారు.

అప్పట్నుంచి అర్ధరాత్రి షో పని ఏది వచ్చినా కింది పద్ధతిలోనే చేస్తున్నాను. థియేటర్ నడిపేవాళ్ళకి, పోస్టర్ వేసేవాళ్ళకి, ఫ్యాన్స్ షో పెట్టుకునే కుర్రాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు, తికమక ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. మనకి మాత్రం తెల్లారితేనే మారుతుంది. పంచాంగంలో వారం సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా ఉంటుంది. పంచాంగం చూడనివాళ్ళు కూడా పడుకుని లేస్తేనే మర్నాడు అనుకుంటారు. 1947లో మనకి ఆగస్టు 14 అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చిందంటాం, జెండా ఎగరేసేది 15న. ఆ రెండు మాటల మధ్య గొడవ ఎవరికీ లేదు, ఎందుకంటే కథ అందరికీ తెలుసు. మీ షో సంగతి ఎవరికీ తెలియదు. పోస్టరే చెప్పాలి.

మొదటి పని: ఒక్క ప్రశ్న అడగండి

షో సమయం మీ దగ్గరికి చాలా చేతులు మారి వస్తుంది. అనుమతి కాగితంలో క్యాలెండర్ తేదీ ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ వాట్సాప్‌లో ఇంకోలా పెడతాడు, మేనేజర్ ఫోన్లో మరోలా చెప్తాడు. అందుకే తేదీ అడగడం మానేసి ఇలా అడగండి: "ఇది ఏ రోజు సెకండ్ షో వదిలాక పడే ఆట?"

"గురువారం సెకండ్ షో అయ్యాక" అని జవాబు వస్తే ఇక సందేహం లేదు. సెకండ్ షో అంటే ఏ రాత్రో మన ఊళ్ళలో పసిపిల్లాడికి కూడా తెలుసు. జవాబు చెప్పలేక తడబడితే, వాళ్ళకే స్పష్టత లేదన్నమాట. అనుమతి కాగితం ఫొటో తెప్పించుకుని సరిచూసుకున్నాకే డిజైన్ మొదలుపెట్టండి.

రెండో పని: శుభలేఖలో రాసినట్టు రాయండి

ఈ చిక్కుముడిని మన పెద్దలు ఎప్పుడో విప్పేశారు. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉన్న పెళ్ళి శుభలేఖ ఏదైనా తీసి చూడండి. "గురువారం రాత్రి 2 గం. 34 ని.లకు, అనగా తెల్లవారితే శుక్రవారం" అని ఉంటుంది. చుట్టాలు ఏ రాత్రికి బయల్దేరాలో, తెల్లారితే ఏ వారమో ఒకే వాక్యంలో వచ్చేసింది. ఆ శుభలేఖ పట్టుకుని మర్నాడు రాత్రి పెళ్ళికి వెళ్ళినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

పోస్టర్ మీద కూడా అదే రాయండి. 2026 జనవరి 8 గురువారం, 9 శుక్రవారం. ఆ రెండిటి మధ్య రాత్రి ఒంటిగంటకి షో అనుకుందాం. ఇలా వేయాలి:

"గురువారం (8వ తేదీ) రాత్రి 1.00 గంటకు
తెల్లవారితే శుక్రవారం (9వ తేదీ)"

రెండు వారాలూ, రెండు తేదీలూ ఉండాలి. ఒక్కటి తగ్గినా అనుమానానికి చోటు ఇచ్చినట్టే. జనం ఇంట్లోంచి బయల్దేరే రాత్రి ఏదో అది పైన, పెద్ద అక్షరాల్లో ఉండాలి. తెల్లవారితే వచ్చే వారం కింద, అందులో సగం సైజులో చాలు. రెండూ ఒకే సైజులో వేస్తే బండి మీద పోయేవాడికి శుక్రవారం ఒక్కటే కంట్లో పడొచ్చు. కొత్త సినిమా అంటే శుక్రవారం అని మనసులో ముందే ఉంటుంది కదా.

తెల్లవారుజాము ఆటకి ఈ బాధ లేదు. "శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు" అంటే అందరూ గురువారం పడుకుని లేచి వస్తారు. దానికి రెండు వారాలు రాస్తేనే కొత్త గందరగోళం. 12 నుంచి 3 లోపు పడే ఆటకి "రాత్రి, తెల్లవారితే" అని రాయండి. ఆ పైన పడేదానికి "తెల్లవారుజామున" చాలు. రాత్రి ఒంటిగంటని మాత్రం తెల్లవారుజాము అనకండి, ఆ మాట మన నోట రాదు.

మూడో పని: సరిగ్గా 12.00 అని వేయకండి

12.00 అంటే అయిపోయిన రోజుదా, మొదలయ్యే రోజుదా అన్నది ఎంత చదువుకున్నవాడైనా ఆగి ఆలోచించాల్సిందే. ఏఎం, పీఎం పెడితే ఇంకా కష్టం, 12 పీఎం అంటే అర్ధరాత్రి అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వీలుంటే ఆటని 11.59కి గానీ 12.15కి గానీ పెట్టుకోమని మేనేజర్‌కి చెప్పండి, అనుమతిలో ఉన్న సమయానికి లోబడే. కుదరకపోతే "అర్ధరాత్రి 12" అని మాట కూడా రాయండి. 00.15 లాంటి రైల్వే టైము పోస్టర్ మీద వద్దు. రైలు టికెట్టు దగ్గర కూడా ఆ సున్నాలు చూసి ఒక రోజు ఆలస్యంగా స్టేషన్‌కి వెళ్ళినవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు.

ఆట వదిలే సమయం కూడా వేయండి. "ఆట వదిలేది శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు" అన్న చిన్న లైను తేదీని ఇంకోసారి ఖాయం చేస్తుంది. పైగా ఆడవాళ్ళతో, పిల్లలతో వచ్చేవాళ్ళకి తిరుగు ప్రయాణం ఎలాగో తేల్చుకోవడానికి అది కావాలి. ఆ వేళలో గోదావరి లంక ఊళ్ళకి బస్సులు దొరకవు.

నాలుగో పని: "నేడే", "రేపే", "ఈ రాత్రికే" తీసేయండి

సినిమా పోస్టర్‌కి "నేడే చూడండి" అన్నది అలవాటైన మాట, నాకూ ఇష్టమే. కానీ పోస్టర్ బుధవారం అంటిస్తారు, శనివారం దాకా గోడ మీదే ఉంటుంది. ఆ "నేడు" ఏ నేడో గోడకి తెలియదు. వాట్సాప్ స్టేటస్ అంతకంటే ప్రమాదం. ఎవరో ఫొటో తీసి మర్నాడు ఫార్వర్డ్ చేస్తే "ఈ రాత్రికే" అన్న మాట మర్నాటి రాత్రికి మారిపోతుంది. వారం పేరే వేయండి.

ఆటో మైకులో ఈ తప్పు మరీ ఎక్కువ. బుధవారం రికార్డు చేసిన "రేపు రాత్రి" ముక్కని గురువారం మధ్యాహ్నం కూడా తిప్పుతూనే ఉంటారు. ఆటోకి నేను రాసిచ్చే ముక్క ఇది:

"గురువారం, అంటే లక్ష్మివారం రాత్రి, సెకండ్ షో వదిలాక, ఒంటిగంటకి స్పెషల్ షో. తెల్లారితే శుక్రవారం. భోజనాలు చేసి బయల్దేరండి!"

మన వైపు పెద్దవాళ్ళు గురువారాన్ని లక్ష్మివారం అనే అంటారు, మైకులో ఆ మాట పడితే ఇంట్లో ముసలమ్మ కూడా మనవడికి గుర్తు చేస్తుంది. "భోజనాలు చేసి" అన్నది ఊరికే పెట్టలేదు. ఏ పూట భోజనమో తెలిస్తే ఏ రాత్రో తెలిసినట్టే.

శివరాత్రికి ఇంకాస్త జాగ్రత్త

జాగారానికి తెల్లవార్లూ ఆటలు వేసే థియేటర్లు మన దగ్గర ఉన్నాయి. పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం, సామర్లకోట, ఐదు పంచారామ శివాలయాల్లో ఈ నాలుగూ ఉమ్మడి గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి, గుడి దగ్గర జనం రాత్రంతా మేలుకునే ఉంటారు. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. ఒంటిగంట ఆటకి కొందరు "16వ తేదీ" అని వేస్తారు. 16 అంటే శివరాత్రి అయిపోయిన మర్నాడు, ఉపవాసం ఉన్నవాళ్ళు కంటినిండా నిద్రపోయే రాత్రి. "శివరాత్రి జాగారం రాత్రి" అని పైన వేసి, దాని కింద వరసగా 10.00, 1.00, 4.00 అని ఇవ్వండి. పండగ పేరు ఉన్నచోట తేదీ చిన్నగా ఉన్నా పర్వాలేదు.

ఆన్‌లైన్ బుకింగ్, టికెట్టు

యాప్‌లో మీ షో ఏ తేదీ కింద కనిపిస్తోందో మీ ఫోన్లోనే తెరిచి చూడండి. దాన్ని మీరు మార్చలేకపోవచ్చు. అయితే పోస్టర్ మీద ఒక లైను చేర్చండి: "ఆన్‌లైన్‌లో 9వ తేదీ కింద చూడండి, రావాల్సింది 8 రాత్రి". కౌంటర్ టికెట్ల వెనక "గురువారం రాత్రి" అని రబ్బరు స్టాంపు వేయించండి. ఆ రోజు ఆయన చేతిలో టికెట్టు మీద ఆ రెండు మాటలే ఉండి ఉంటే పిల్లాడు సినిమా చూసేవాడు.

ప్రింట్‌కి పంపేముందు

సినిమాల గోల పట్టనివాళ్ళెవరికైనా డిజైన్ చూపించండి. నేను మా షాపు పక్కన టీ కొట్టు బాబాయికి చూపిస్తాను. "అర్థమైందా బాబాయ్?" అని అడిగితే ఎవరైనా తలూపుతారు, దానివల్ల లాభం లేదు. "ఏ రోజు కొట్టు కట్టేశాక వెళ్తావు?" అని అడుగుతాను. "లక్ష్మివారం కట్టేసి వెళ్తా" అని వెంటనే అంటే ప్రింట్‌కి పంపుతాను. ఒక్క క్షణం ఆగినా అక్షరాలు మళ్ళీ సర్దుతాను.

షో అయ్యాక పొద్దున్నే ఒక కుర్రాణ్ణి పంపి, ఊళ్ళో ఉన్న ఆ పోస్టర్లన్నిటి మీదా అడ్డంగా "స్పెషల్ షో అయిపోయింది" అని స్లిప్పులు అంటించండి. గేటు దగ్గరున్న దానితో మొదలుపెట్టమనండి.