సవరించిన సినారియోలో తూకం కుదిరిందో లేదో తేల్చడం ఎలా?

పులి-మేక ఆడినవాళ్లకి ఈ చిక్కు కొత్త కాదు. పటం అదే, మూడు పులులూ పదిహేను మేకలూ అవే. మేకలన్నీ పెట్టాకే కదపాలా, ముందే కదపొచ్చా అన్న ఒక్క మాట మారితే చాలు, ఆట మొగ్గు మారిపోతుంది. తేనెపట్టు గళ్ల పటం మీద అట్ట కౌంటర్లతో, అంటే దళాలకు గుర్తుగా పెట్టే చిన్న ముక్కలతో, ఆడే యుద్ధ ఆటలదీ ఇదే తంతు. ఎవరికి ఎన్ని దళాలు, ఎన్ని వంతులు, ఏం పట్టుకుంటే గెలుపు అని ఒక కార్డు మీద రాసిన చిన్న పోరునే సినారియో అంటారు. 1977 నాటి స్క్వాడ్ లీడర్, 1985లో దాని స్థానంలోకి వచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ వంటి ఆటల్లో పాత సినారియోలు సవరణలతో మళ్లీ అచ్చవుతుంటాయి. తూకం, అంటే రెండు పక్షాలకీ గెలిచే అవకాశం సమానంగా ఉండడం, సరిచేశామంటారు. ఎటు సరిచేశారో ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

ఉదాహరణకి గోదావరి డెల్టా ఉత్తరపు అంచున, గొల్లప్రోలు దగ్గర జరిగిన చందుర్తి యుద్ధాన్నే తీసుకుందాం. 1758 డిసెంబరులో ఇక్కడ కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన, కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేన తలపడ్డాయి. విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువారి పక్షం. ఎర్రకోట్లు తొడుక్కున్న ఇంగ్లీషు పక్షపు సిపాయిలను చూసి ఫ్రెంచివారు తెల్లవాళ్ల పటాలం అదే అనుకుని వాళ్ల మీదికి వెళ్లారు. అసలు తెల్ల పటాలం మొక్కజొన్న చేను చాటున ఉంది. అది పక్కనుంచి వచ్చి పడేసరికి ఫ్రెంచి వరస చెదిరింది. దీని మీద ఇంట్లో తయారుచేసుకున్న సినారియో ఒకటి ఉందనుకోండి. పాత కూర్పులో 8 వంతులు, ఇంగ్లీషు పక్షం 4 ఫిరంగి కౌంటర్లు పట్టుకుంటే గెలుపు. కొత్త కూర్పులో 7 వంతులు, 3 ఫిరంగులు. చేనులో ఉన్నవారి మీద కాల్పులకు పాచికల మొత్తానికి +1. ఎర్రకోటు కౌంటర్లన్నీ బోర్లించి పెట్టాలి.

మొదటి పని: రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి తేడాలు రాయడం

గుర్తున్నదాన్ని నమ్మొద్దు. ఒక కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి పాతది, కొత్తది, ఎవరికి లాభం అని రాయండి. బలగాలు, అదనపు దళాలు వచ్చే వంతు, మొదట కదిలేదెవరు, ఆఖరి కదలిక ఎవరిది, వంతులు, గెలుపు షరతు, ప్రత్యేక నిబంధనలు అన్నీ అందులోకి రావాలి. ఎక్కువమంది మరిచిపోయేది పటం. కొత్త పటంలో రెండు సేనల మధ్య ఒక్క వరస గళ్లు పెరిగినా దాడిచేసేవాడికి ఒక వంతు నడకకే పోవచ్చు. వేలుపెట్టి గళ్లు లెక్కపెట్టండి. అసలు నిబంధనల పుస్తకం మధ్యలో మారిందేమో కూడా చూడండి. మారితే పాత ఫలితాలు ఈ లెక్కకి పనికిరావు.

రెండో పని: ప్రతి మార్పునీ విడిగా తూచడం

మన ఉదాహరణలో వంతు తగ్గడం ఫ్రెంచివారికి లాభం, మిగతా మూడూ ఇంగ్లీషువారికి. మూడు ఒకటి కంటే ఎక్కువని అక్కడితో ఆగితే పప్పులో కాలేసినట్టే. ఎనిమిదిలో ఒకటి పోతే కాగితం మీద పన్నెండున్నర శాతమే. కానీ ఫిరంగుల దగ్గరికి చేరడానికే మూడు వంతులు పడితే అసలు పోరుకి మిగిలేది ఐదు వంతులు. అవి నాలుగైతే ఐదో వంతు సమయం పోయినట్టు.

+1 సంగతి ఇంకా చిత్రం. రెండు పాచికలు వేసి మొత్తం 7 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే దెబ్బ తగిలేటట్టయితే, రెండు పాచికలూ పడగల 36 తీరుల్లో 21 పనికొస్తాయి, అంటే 58 శాతం. +1 చేరితే 6 లోపు పడాలి, పనికొచ్చేవి 15, అంటే 42 శాతం. అదే దూరపు కాల్పులకి 4 లోపు కావాలంటే 36లో 6 కాస్తా 3 అవుతాయి, అవకాశం సగానికి పడిపోతుంది. కాబట్టి +1 చిన్నదా పెద్దదా అని కాదు, ఎంత దూరం నుంచి ఎక్కువగా కాలుస్తారో చూసి తూచాలి.

బోర్లించిన కౌంటర్ల నిబంధన వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ అందులో ఒక మెలిక ఉంది. కార్డు మీద తెల్ల పటాలం చోటు ముందే రాసేసి ఉంటే, కార్డు చదివిన ఫ్రెంచి ఆటగాడు మోసపోడు. ఏ కట్ట కింద ఎవరున్నారో ఇంగ్లీషు ఆటగాడే రహస్యంగా పెట్టుకునే వీలుండాలి. చేను చాటున సిపాయిలను కూడా పెట్టగలిగితేనే ఎదుటివాడు తటపటాయిస్తాడు. ఈ వీలు లేని కూర్పులో ఈ నిబంధనకి సున్నా విలువ కట్టండి.

మూడో పని: గెలుపోటముల లెక్క

ఇరవై ఆటల్లో ఒక పక్షం 13, ఇంకోటి 7 గెలిస్తే చాలామంది తూకం తప్పిందని తేల్చేస్తారు. రెండు పక్షాలూ సరిసమానమైనా, ఏదో ఒక వైపుకి అంత తేడా, లేదా అంతకంటే ఎక్కువ తేడా, వందకి 26 సార్లు ఊరికే వస్తుంది. 15–5 అయితే వందకి నాలుగు సార్లే, అప్పుడు అనుమానించొచ్చు. పది ఆటల్లో 7–3 అయితే ఏమీ చెప్పలేం. పాత, కొత్త కూర్పుల ఫలితాలు ఒకే పట్టీలో కలిపితే ఆ పట్టీ పనికిరాదు. చేయి తిరిగినవాడు ఎప్పుడూ ఒకే పక్షం తీసుకునే గుంపుల్లో వచ్చే అంకెలు ఆ మనిషివి, సినారియోవి కావు.

నాలుగో పని: పక్షాలు మార్చుకుని ఆడడం

ఇద్దరు ఆటగాళ్లు, ఒక్కో కూర్పుకి నాలుగు ఆటలు, ఆటకో పక్షం మార్చుకుంటూ. అంతకుముందు నేర్చుకోవడానికి ఆడిన ఆటని లెక్కలోకి తీసుకోవద్దు. సంక్రాంతికి కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు ఇళ్లకి చేరినవాళ్లకి పండగ రోజుల్లో ఇది కుదురుతుంది, కోడిపందేల బరి దగ్గరికి లాక్కెళ్లేవాళ్లు లేకపోతే. ప్రతి వంతు చివరా ఎన్ని ఫిరంగులు చేతులు మారాయి, ఎన్ని దళాలు చెదిరాయి అని రాయండి. గెలిచిందెవరో ఒక్కటే రాస్తే ఆఖరి పాచిక మీద తేలిన ఆటకీ, మూడో వంతులోనే ముగిసిపోయిన ఆటకీ తేడా తెలియదు. ఫలితం తారుమారు చేసేలా పాచికల మొత్తం 2 గానీ 12 గానీ పడితే, పక్కన గుర్తుపెట్టండి.

వానాకాలంలో జిరాక్స్ పటం చెమ్మకి ముడతలు పడుతుంది, కౌంటర్లు వంకర తిరుగుతాయి. పటం మీద అద్దం పలకో పారదర్శకపు ప్లాస్టిక్ షీటో వేయండి. పై ఫ్యాను ఆపండి, బోర్లించిన కౌంటరు ఒక్కటి తిరగబడితే ఆ ఆట లెక్కకి రాదు. పాచికలు అంచున్న పళ్లెంలో వేయండి.

ఐదో పని: చీటీల వేలం

ఇద్దరూ ఏ పక్షం కావాలో చీటీ మీద రహస్యంగా రాస్తారు. వేరువేరు పక్షాలు రాస్తే గొడవ లేదు. ఇద్దరూ ఒకే పక్షం రాస్తే, దానికోసం ఎంత వదులుకుంటారో మళ్లీ చీటీ రాయాలి: ఒక దళం, లేదా ఒక ఫిరంగి ఎక్కువ పట్టుకోవడం, లేదా ఒక వంతు తక్కువ. ఎక్కువ వదులుకున్నవాడికే ఆ పక్షం. ఆస్ట్రేలియన్ బ్యాలెన్స్ సిస్టమ్ అనే పద్ధతిలో ప్రతి పక్షానికీ ఇలాంటి రాయితీలు ముందే మెట్లుగా రాసి పెడతారు. నాలుగైదు జంటల చీటీలు వరసగా ఒకే పక్షం వైపు మొగ్గితే, పది ఆటల ఫలితం కంటే వాటినే నమ్మొచ్చు. అనుభవం ఉన్నవాడు మాటల్లో ఏమన్నా, చీటీలో మాత్రం ఓడిపోయే పక్షం కోరుకోడు.

తూకం తప్పిందని తేలాక

ఒకసారికి ఒక్కటే మార్చండి. మొదట గెలుపు షరతు ముట్టుకోండి: మూడు ఫిరంగులు సులువైతే నాలుగు చేయండి. దానితో కుదరకపోతే వంతులు. సగం వంతు కలపడం మంచి ఉపాయం, అంటే ఆఖరి వంతులో దాడి పక్షం మాత్రమే కదలడం. దళాలు కలపడం, తీయడం ఆ తరవాతే. చందుర్తిలో ఫ్రెంచి సిపాయిలు సుమారు 6,000, ఇంగ్లీషు సిపాయిలు సుమారు 2,000. ఆ నిష్పత్తిని చెరిపేస్తే అది చందుర్తి కాదు. పాచికల మీద కొత్త +1 పెట్టడం అన్నిటికంటే చివర. దాని ప్రభావం ఎక్కడెక్కడ తేలుతుందో ఆడితే గానీ తెలియదు, మళ్లీ నాలుగు ఆటలు ఆడాలి.

మార్చిన కార్డు మీద కూర్పు సంఖ్య, తేదీ పెన్నుతో రాసి, పాత కార్డుకి అడ్డంగా గీత కొట్టి అదే కవర్లో ఉంచండి.