ముందు సముద్రం గీయండి

నేను పుట్టింది బొబ్బిలి దగ్గర పల్లెలో, కాపురానికి వచ్చింది విజయనగరం. పెళ్లయిన కొత్తలో మా మామగారు, "మీ వాళ్లు మా రాజుగారిని డేరాలో నిద్రపోతుండగా పొడిచారమ్మా" అనేవారు. "అంతకు ముందు మీ రాజుగారు మా కోట మీదికి ఫిరంగులు ఎందుకు తెచ్చారో చెప్పండి మామయ్యగారూ" అనేదాన్ని. బడిలో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పాక నాకు తెలిసివచ్చింది, ఇద్దరమూ కథను మధ్యలో పట్టుకున్నామని. ఆ ఫిరంగులు విజయనగరానివి కావు, ఫ్రెంచివాళ్లవి. వాళ్లకు ఇక్కడేం పనో చెప్పకపోతే బొబ్బిలి యుద్ధం రెండిళ్ల గొడవగానే మిగిలిపోతుంది. నేను మా మనవడికి వాకిట్లో ముగ్గు వేసి చెప్పాను. మీరు కూడా చెప్పాలనుకుంటే ఎలాగో రాస్తున్నాను.

కావలసినవి: ముగ్గుపిండి, దర్జీ దగ్గర దొరికే నీలం బొత్తాలు పది, ఎర్రవి పది, గుప్పెడు చింతపిక్కలు, చిటికెడు కుంకుమ, పసుపు పూసిన దారం, పిడికెడు గరిక, కత్తెర. నీలం ఫ్రెంచివాళ్లు, ఎరుపు ఇంగ్లీషువాళ్లు, చింతపిక్కలు మనవాళ్లు. వాకిలి పది అడుగులైనా ఉండాలి. అపార్టుమెంటులో ఉంటే మేడ మీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. గాలి లేచిందంటే బంగాళాఖాతమంతా కొట్టుకుపోతుంది.

పిల్లలు ముందు బొబ్బిలి పెట్టమంటారు. పెట్టకండి. ముందు సముద్రపు ఒడ్డు గీయండి, పది అడుగుల పొడవున, కాస్త ఏటవాలుగా. పై కొసన కలకత్తా, అక్కడ ఎర్ర బొత్తం. కింది కొసన పుదుచ్చేరి, అక్కడ నీలం బొత్తం. ఇప్పుడు గీతకు సరిగ్గా మధ్యన వేలు పెట్టమనండి. అది విశాఖపట్నం. నేను అట్లాసు మీద స్కేలు పెట్టి చూసుకున్నాను, అటూ ఇటూ ఇంచుమించు సమానమే. అడుగుకు 150 కిలోమీటర్ల లెక్కన విశాఖకు రెండడుగుల కింద మచిలీపట్నం, అక్కడ నీలం. పుదుచ్చేరికి అడుగు పైన మద్రాసు, అక్కడ ఎరుపు. విశాఖలో ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరానికి ఒక చిన్న ఎర్ర బొత్తం. శ్రీకాకుళం, విజయనగరం, బొబ్బిలి అన్నీ విశాఖకు జానెడులోపలే పడతాయి. విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య బెత్తెడు. మా మామగారూ నేనూ పోట్లాడుకున్నది ఆ బెత్తెడు గురించే.

తరువాత దారం. ఎడమవైపు మూడడుగుల లోపలికి హైదరాబాదు పెట్టి, శ్రీకాకుళం నుంచి అక్కడికి పసుపు దారం పరవండి. 1753లో నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కోసం నాలుగు సర్కారులను, అంటే కోస్తా జిల్లాలను, ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. వాటిలో శ్రీకాకుళం ఒకటి. అంటే మన వరి మళ్ల శిస్తుతో హైదరాబాదులో ఫ్రెంచి పటాలం అన్నం తినేది. ఈ ఒక్క మాట పిల్లలకు పట్టిందంటే మిగిలిందంతా వాళ్లే అల్లుకుంటారు.

బొబ్బిలి ఘట్టాన్ని సాగదీయకండి, అది వాళ్లకు తెలుసు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు బలగం కలిసి కోటను కూల్చాయి. బొబ్బిలి రాజు రంగారావు పోయాడు, కోటలో ఆడవాళ్లు, పిల్లలు కూడా పోయారు. తరువాత ఒక రాత్రి తాండ్ర పాపారాయుడు డేరాలో చొరబడి విజయరామరాజును చంపాడు. రెండు వైపులా చింతపిక్కలు తీసేయండి. బుస్సీ నీలం బొత్తాన్ని మాత్రం కదపకండి. పిల్లలు దాన్నే చూస్తూ ఉండిపోతారు, కాసేపు చూడనివ్వండి.

అదే ఏడాది జూన్‌లో రెండు ఎత్తులు పడ్డాయి. విశాఖను బుస్సీ పట్టుకున్నాడు, ఎర్ర బొత్తం తీసి నీలం పెట్టండి. అటు బెంగాల్లోని ప్లాసీలో ఇంగ్లీషు సేనాని క్లైవ్ గెలిచాడు, కలకత్తా దగ్గర ఇంకో నాలుగు ఎర్ర బొత్తాలు పెట్టండి. 1758లో కొత్తగా వచ్చిన ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును పట్టాలన్న పంతంతో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఇక్కడ ఫ్రెంచి సైన్యానికి కాన్‌ఫ్లాన్స్ అనే అధికారి మిగిలాడు. నీలాలు సగం కిందికి జరపండి. సరిగ్గా ఆ సందు చూసి విజయనగరం కొత్త రాజు ఆనంద గజపతిరాజు విశాఖను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కుని, ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను 500 మంది తెల్లవాళ్లతో, సుమారు 2,000 మంది సిపాయిలతో ఓడలెక్కించి పంపాడు. ఎర్ర బొత్తాలను నేల మీద కాదు, నీళ్ల మీదుగా జరపాలి. మావాడు మొదటిసారి ఒరిస్సా అడవుల్లోంచి తెచ్చేశాడు.

చందుర్తి దగ్గర ఆగండి. పిఠాపురం పక్క ఊరు, మన గీత మీద విశాఖకు అడుగులోపల. 1758 డిసెంబరు. గరికను నిలబెట్టి పైరు చేయండి, దాని వెనుక ఎర్ర బొత్తాలు దాచండి. పక్కన కుంకుమ పూసిన చింతపిక్కలు పెట్టండి. ఫోర్డ్ సిపాయిలు తొడుక్కున్నది ఎర్ర చొక్కాలే. ఎత్తయిన పైరు చాటున తెల్లవాళ్లు కనబడక, ఫ్రెంచివాళ్లు ఆ సిపాయిలనే ఇంగ్లీషు పటాలం అనుకుని మీద పడ్డారు. సిపాయిలు చెదిరిపోయారు. వాళ్లను తరుముతూ ఫ్రెంచి వరుస విడిపోయింది. అప్పుడు పైరు చాటు నుంచి అసలు ఎరుపు బయటికి వచ్చింది. మావాడు కుంకుమ అంటిన వేళ్లు చూసుకుంటూ, "అయితే ముందు దెబ్బలు తిన్నది పిక్కలే కదా నానమ్మా" అన్నాడు. నేను పాఠం చెప్పిన ముప్పై ఏళ్లలో ఈ మాట నాకు తట్టలేదు.

గెలుపు తరువాత విజయనగరం రాజుగారు ఇస్తానన్న సొమ్ము చేతికి రాక ఫోర్డ్ వారాల తరబడి ఆగవలసి వచ్చింది. ఇది తప్పకుండా చెప్పండి, పెద్దవాళ్లు కూడా నవ్వుతారు. 1759 ఫిబ్రవరిలో లాలీ మద్రాసు ముట్టడి వదులుకున్నాడు. ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ మచిలీపట్నం కోట మీద పడి, తెల్లవారేసరికి పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్లకు సాయంగా సైన్యంతో వచ్చిన సలాబత్ జంగ్ గెలిచినవాళ్ల వైపు తిరిగి, మే నెలలో వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. ఇప్పుడు కత్తెర పిల్లవాడి చేతికిచ్చి పసుపు దారం కత్తిరించమనండి.

"అయితే మనం గెలిచినట్టేనా?" అని అడుగుతారు. విజయనగరం పిల్లలు మరీ అడుగుతారు. జవాబుగా విశాఖకు, విజయనగరానికి మధ్య పద్మనాభం దగ్గర ఒక చింతపిక్క పెట్టండి. ఆనంద గజపతి తరువాత గద్దె ఎక్కిన చిన విజయరామరాజు 1794 జూలై 10న అక్కడే ఇంగ్లీషు కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు.

చివరికి బొత్తాలు ఏరుకుని లెక్కపెట్టుకోండి. ఒక్క నీలం మాత్రం కాకినాడ కిందుగా, యానాం దగ్గర వదిలేయండి. మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నా, అది 1954 దాకా ఫ్రెంచివాళ్లదే.