వాలంటీర్‌గా చేరాలనుందా? ముందు మీ టైమ్ సంగతి తేల్చుకోండి

నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చేయాలని చాలామందికి ఉంటుంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అక్కడే ఆగిపోతారు. నన్నడిగితే 'ఎక్కడ' కన్నా ముందు 'ఎంతసేపు' అన్నది తేలాలి. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు, నిద్ర అన్నీ పోగా మీకు వారానికి రెండు గంటలు మిగిలితే ఒక్క గంటకే మాటివ్వండి. రోజూ వస్తానని ఊదరగొట్టి మూడో వారం నుంచి ఫోన్ ఎత్తని వాళ్లను ప్రతి సంస్థా చూసే ఉంటుంది, వాళ్లకు కావాల్సింది శనివారం పదింటికి వస్తానంటే పదింటికి కనబడే మనిషి. ఐక్యరాజ్యసమితి 1985లో డిసెంబర్ 5ను అంతర్జాతీయ వాలంటీర్ దినోత్సవంగా ప్రకటించింది, 2026ను ఏకంగా వాలంటీర్ల సంవత్సరం అంది. బాగానే ఉంది గానీ, అలాంటి రోజుల్లో జనానికి కొదవుండదు. మీరు మామూలు రోజుల్లో వెళ్లండి.

ఇక ఎక్కడికంటే, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న చోటికి. లైబ్రరీ, బడి, వృద్ధాశ్రమం, ఆసుపత్రి, జంతువుల షెల్టర్, ఏదో ఒకటి ఉంటుంది. వెళ్లి 'నేను ఇది చేస్తాను' అనకండి, 'మీకు ఏ పనికి మనుషులు సరిపోవట్లేదు?' అని అడగండి. పిల్లలకు పాఠాలు చెబుదామని వెళ్తే, పాత బట్టలు సైజుల వారీగా వేరు చేసిపెట్టమనో, రిజిస్టర్‌లో పేర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించమనో అంటారు. బోరే. అయినా ఒప్పుకోండి, ఆ పనుల్లోనే అక్కడ ఎవరేంటో, ఏది ఎలా నడుస్తుందో తెలిసిపోతుంది.

చేరేముందు కొన్ని మొహమాటం లేకుండా అడగాలి: నాకు పని చెప్పేది ఎవరు, ట్రైనింగ్ ఉంటుందా, రాలేని రోజు ఎవరికి చెప్పాలి, రానుపోను ఖర్చు ఎవరిది. పిల్లలతో, పెద్దవాళ్లతో పనైతే మీ గుర్తింపు కార్డు అడుగుతారు, పోలీస్ వెరిఫికేషన్ కూడా అడగొచ్చు, నన్ను అనుమానిస్తున్నారా అని నొచ్చుకోకండి. నిజానికి అవేవీ అడగకుండా పిల్లల్ని మీకు వదిలేసే చోటునే అనుమానించాలి. అనుమతి లేకుండా ఎవరి ఫొటో తీయొద్దు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు. వాలంటీర్‌గా చేరడానికే ముందు డబ్బు కట్టమంటే ఆ డబ్బు దేనికో పూర్తిగా తెలిసేదాకా పైసా ఇవ్వకండి.

ఎప్పుడూ మనుషులు దొరకని పని ఒకటి చెబుతాను: చూపులేని విద్యార్థులకు పరీక్షలో స్క్రైబ్‌గా కూర్చోవడం. విద్యార్థి చెబుతాడు, మీరు రాస్తారు. వినడానికి సులువే, కానీ వాళ్లు తప్పు చెప్పినా తప్పే రాయాలి, మీకు జవాబు తెలిసినా మొహంలోనే కాదు, గొంతులో కూడా తెలియకూడదు. నాలుగు ఆప్షన్లు చదివేటప్పుడు సరైన దాని దగ్గర మనకు తెలియకుండానే స్వరం కాస్త మారుతుంది, అందుకే నాలుగూ ఒకే వేగంలో, ఒకే తీరులో చదవడం ఇంట్లో ప్రాక్టీస్ చేయండి. లెక్కల పేపరైతే ఇంకా జాగ్రత్త. 'రూట్ ఎక్స్ ప్లస్ వన్' అని చదివేస్తే ఆ ఒకటి రూట్ లోపలుందో బయటుందో వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? 'రూట్ లోపల ఎక్స్, రూట్ అయిపోయింది, ప్లస్ వన్' అని విడమరచి చదవాలి. స్క్రైబ్ ఎంత చదివినవాళ్లై ఉండాలన్న రూల్ పరీక్షను బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి, చివరి రోజు టెన్షన్ పడేది మీరు కాదు, విద్యార్థి.

బయటికి వెళ్లే వీలు లేకపోతే ఇంట్లోంచి చేసేవీ ఉన్నాయి. 2015లో వచ్చిన బీ మై ఐస్ యాప్‌లో చూపులేని వాళ్లు వీడియో కాల్ చేస్తారు, మందు సీసా మీద తేదీ చదివిపెట్టడం లాంటి చిన్న సాయం చాలు. అనువాదం, డిజైన్ వచ్చినవాళ్లకు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం ఆన్‌లైన్ పనులు కూడా ఇస్తుంది.

నాలుగైదు సార్లు వెళ్లాక పని మీకు పడట్లేదనిపిస్తే మానేయండి, తప్పేం లేదు. రెండు వారాల ముందు చెప్పి, మీ దగ్గరున్న తాళాలు, ఫైళ్లు, పాస్‌వర్డ్‌లు తర్వాత వచ్చేవాళ్లకు అప్పజెప్పి మానేయండి. వాట్సాప్ గ్రూపులోంచి చడీచప్పుడు లేకుండా జారుకోవడం మాత్రం వద్దు, ఆ శనివారం పదింటికి మీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు.