సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) సేఫ్టీ అంటే ముందు తలుపు చూడండి

2019 అక్టోబర్ 9న, యూదులు ఉపవాసముండే పవిత్ర దినం యోమ్ కిప్పుర్ రోజు, జర్మనీలోని హాలేలో తుపాకీ పట్టుకొచ్చినోడు సినగాగ్ లోపలికి రాలేకపోయాడు, తలుపు గట్టిది, తాళం వేసుంది, లోపలున్నోళ్ళంతా బతికారు, బయట మాత్రం ఇద్దరు పోయారు పాపం. అందుకే ప్రార్థన టైమ్‌లో తలుపు బార్లా తీసి పెట్టొద్దు, కెమెరాలో మనిషిని చూశాకే తీయండి. గుమ్మం దగ్గర అందరి మొహాలూ తెలిసిన ఇద్దర్ని పెట్టండి, కొత్తవాళ్ళని నవ్వుతూనే పలకరించాలి, మాటల్లోనే చాలా తెలిసిపోద్ది.

పండగ తేదీలు పోలీసులకి ముందే చెప్పండి. శబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి రోజు) నాడు ఫోన్ ముట్టనోళ్ళు కూడా ప్రాణం మీదికొస్తే ముట్టొచ్చు, వాళ్ళ ధర్మమే ఒప్పుకుంటుంది, కాబట్టి ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఒకటి చేతికందేలా ఉంచండి.

బెదిరింపు మెసేజ్ వస్తే డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి కంప్లైంట్ ఇవ్వండి, పక్కింటోళ్ళు మీరైతే స్టేషన్‌కి తోడు వెళ్ళండి.