ట్రాన్స్ మహిళలు తమ ఒంటికి నప్పే దుస్తులను ఎంచుకోవడం ఎలా?

నేను మొట్టమొదట కుట్టించుకున్న జాకెట్టు నెల్లూరులో ఒక పెళ్లిలో, అక్షింతలు వేయడానికి చెయ్యెత్తిన క్షణంలో, చంక దగ్గర పర్రున చిరిగింది. అందులో కుట్టినవారి తప్పేమీ లేదు. టేపు పట్టించుకోవడానికి సిగ్గుపడి, మా పిన్ని కూతురి పాత జాకెట్టును కొలతకిచ్చి వచ్చాను. ఆమె భుజానికీ నా భుజానికీ రెండంగుళాలకు పైగా తేడా ఉంది. ట్రాన్స్ మహిళకు, అంటే పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై మహిళగా బతికే నాలాంటివారికి, ఏ దుస్తులు నప్పుతాయన్న ప్రశ్నకు రంగు, ఖరీదు, ఫ్యాషన్ కన్నా ముందు కొలతలే జవాబు చెబుతాయని ఆ రోజు తెలిసింది. మనం బజారులో చూసే ఆడవాళ్ల దుస్తులు సన్నని భుజాలు, వెడల్పైన తుంటి ఉన్నాయని అనుకుని కత్తిరించినవి. మన ఒళ్లు చాలావరకు అందుకు తలకిందులుగా ఉంటుంది. కాబట్టి ఒంటిని బట్టలో ఇరికించే ప్రయత్నం మాని, బట్టను ఒంటి దాకా తెచ్చుకోవాలి.

ముందు టేపు, ఆ తర్వాతే బట్టల కొట్టు

ఒక టేపు కొని, అద్దం ముందు నిలబడి, ఈ కొలతలను ఒక కాగితం మీద రాసుకోండి: ఒక భుజం చివరి ఎముక నుంచి రెండో భుజం చివరి ఎముక దాకా వీపు మీదుగా ఎంత, ఛాతీ చుట్టు ఎంత, రొమ్ము కింద చుట్టు ఎంత, నడుములో అన్నిటికన్నా సన్నగా ఉన్న చోట ఎంత, తుంటి అన్నిటికన్నా వెడల్పుగా ఉన్న చోట ఎంత, జబ్బ చుట్టు ఎంత, నడుము నుంచి నేల దాకా ఎంత. భుజాన్ని ఎవరికి వారు కొలుచుకోవడం కష్టం కనుక, నమ్మకమైన మనిషి తోడు ఉంటే మంచిది. ఎవరూ లేకపోతే, ఇప్పుడు మీకు భుజాల దగ్గర సరిగ్గా కూర్చునే చొక్కాను నేల మీద పరిచి, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా కొలవండి.

ఈ కాగితంలో చూడవలసినది అంకెల మధ్య ఉన్న సంబంధమే. భుజం వెడల్పుగా ఉండి తుంటి సన్నగా ఉంటే పైభాగంలో సాదాతనం, కిందిభాగంలో నిండుదనం ఉన్న దుస్తులు నప్పుతాయి. నడుముకూ తుంటికీ తేడా తక్కువైతే, కట్టు దగ్గరో కుట్టు దగ్గరో నడుమును చూపించే దుస్తులు కావాలి. హార్మోన్ చికిత్స వైద్యుల పర్యవేక్షణలో మొదలుపెట్టినవారికి మరో విషయం చెప్పాలి. రొమ్ముల ఎదుగుదల సాధారణంగా మొదటి 3 నుంచి 6 నెలల్లో మొదలై, పూర్తి కావడానికి 2, 3 సంవత్సరాలు పడుతుంది. తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం కూడా అలాగే నెమ్మదిగా సాగుతుంది. ఎముకల వెడల్పు మాత్రం మారదు. అందువల్ల భుజం కొలత ఒకసారి తీసుకుంటే చాలు. ఛాతీ, తుంటి కొలతలను ఆరు నెలలకొకసారి మళ్లీ తీసుకోవాలి.

ఎవరిని చూసి నేర్చుకోవాలి

సినిమా తారలను చూసి కాదు. మీ వయసు, మీ పొడవు, మీ పని ఉన్న ఆడవాళ్లు మీ ఊళ్లో ఏం కట్టుకుంటున్నారో చూడండి. ఉదయం తొమ్మిది గంటలకు నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గరో, ఒంగోలు అద్దంకి బస్టాండు దగ్గరో ఒక అరగంట నిలబడితే బ్యాంకుకు వెళ్లే ఆవిడ, బడికి వెళ్లే పంతులమ్మ, కొట్టులో పనిచేసే అమ్మాయి ఏ కుర్తీ మీద ఏ చున్నీ వేశారో, పైటను ఎక్కడ పిన్నుతో పట్టారో కళ్లారా కనబడుతుంది. పదహారేళ్లప్పుడు వేసుకోలేకపోయిన లంగా ఓణీని ముప్పై ఐదేళ్లప్పుడు వేసుకోవాలనిపించడం మనలో చాలామందికి ఉన్న కోరికే, అందులో తప్పేమీ లేదు. ఇంట్లో వేసుకుని ఫోటో దిగండి. ఆఫీసుకు వెళ్లేటప్పుడు మాత్రం మీ వయసువాళ్ల మధ్య కలిసిపోయే దుస్తులే ఒంటికి హాయిగా ఉంటాయి. ఇక ‘నలుపు ఒంటికి ఆ రంగు నప్పదు’ అని కొట్టులో ఎవరైనా అంటే వినకండి. ముదురు పసుపు, మామిడి చిగురు రంగు, నెమలి కంఠం రంగు చామనఛాయకు ఎంత బాగుంటాయో మన పల్లెల్లో పెద్దావిడలను చూస్తేనే తెలుస్తుంది.

రెడీమేడ్ దుస్తులు: భుజానికి కొని, నడుముకు పట్టించండి

కుర్తీ కొనేటప్పుడు సైజు అక్షరాన్ని పక్కన పెట్టి, భుజం కొలత సరిపోయిందా లేదా అన్నదే చూడండి. భుజానికి సరిపడే సైజు తీసుకుంటే నడుము దగ్గర సంచిలా వదులవుతుంది. దానిని దర్జీ దగ్గర రెండు పక్కలా పట్టిస్తే ఒక్క పూటలో పని అయిపోతుంది. ఇందుకు విరుద్ధంగా నడుముకు సరిపోయిందని కొన్న కుర్తీకి భుజం పెంచడం ఎవరి వల్లా కాదు. తుంటి నిండుగా కనబడాలంటే నిలువుగా దిగే కుర్తీ కన్నా నడుము కింద విచ్చుకునే ‘ఎ-లైన్’, అంబ్రెల్లా, అనార్కలీ కత్తిరింపులు మేలు. బోట్ నెక్ (భుజాల దాకా అడ్డంగా సాగే మెడ), బుట్ట చేతులు భుజాన్ని ఇంకా వెడల్పు చేస్తాయి. వీ ఆకారపు మెడ చూపును మధ్యకు తెస్తుంది. చున్నీని రెండు భుజాల మీదా పరచకుండా ఒక భుజం మీద నిలువుగా వదిలితే భుజాల అడ్డగీత మధ్యలో తెగుతుంది.

మొదటి రోజుల్లో కొట్టుకు మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య వెళ్లండి. నెల్లూరు ట్రంకు రోడ్డులో అయినా, చిన్న బజారులో అయినా ఆ వేళ రద్దీ తక్కువగా ఉండి, అమ్మేవాళ్లకు ఓపిక ఎక్కువగా ఉంటుంది. బట్టలు వేసుకుని చూసుకునే గదికి పంపడానికి ఎవరైనా నసిగితే గట్టిగానే అడగవచ్చు. తాము ఎంచుకున్న జెండర్‌ను దుస్తుల ద్వారా వ్యక్తం చేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులో చెప్పింది. 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, ప్రజలందరికీ అందే వస్తువులు, సేవల విషయంలో మన పట్ల వివక్ష చూపరాదని చెబుతోంది. అయితే ఒక కొట్టులో గొడవపడి గెలవడం కన్నా, మర్యాదగా చూసే ఇంకో కొట్టును పట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే కొనడం నాకు ఎక్కువ కలిసొచ్చింది.

ఇంకా బయటికి వెళ్లే ధైర్యం రానివారు నైటీతో మొదలుపెట్టవచ్చు. కొలతల గొడవ లేదు, ఖరీదు తక్కువ, రవిక కట్టు దగ్గర కుచ్చులుంటే ఛాతీ దానంతటదే నిండుగా కనబడుతుంది. నైటీ మీద చున్నీ కప్పుకుని కరివేపాకు కోసం వీధి చివరి కొట్టు దాకా వెళ్లి వచ్చిన రోజు నాకు పట్టుచీర కట్టిన రోజు కన్నా బాగా గుర్తుంది.

జాకెట్టు మీద ఖర్చుకు వెనకాడవద్దు

చీర కొనడానికి పెట్టుకున్న డబ్బులో మంచి భాగం జాకెట్టు కుట్టుకూలికి మిగల్చండి. మామూలు నూలు చీర మీద కొలతకు కుదిరిన జాకెట్టు వేసుకున్న మనిషి, ఖరీదైన పట్టుచీర మీద కుదరని జాకెట్టు వేసుకున్న మనిషి కన్నా ఎప్పుడూ అందంగా ఉంటుంది. దర్జీని ఎంచుకునేటప్పుడు ముందే మాట్లాడండి: “అక్కా, నేను ట్రాన్స్ మహిళను, నా భుజం కొంచెం వెడల్పు, నాకు టేపు పెట్టి కొలత తీసుకుని కుట్టాలి, కుదురుతుందా?” అని అడిగితే చాలు. కుదరదన్నవాళ్ల దగ్గర గుడ్డ పాడుచేసుకోవలసిన పని ఉండదు.

దర్జీకి నోటితోనే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. భుజం కుట్టును భుజం చివరన కాకుండా అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా లోపలికి పెట్టమనండి. దానితో చూసేవారి కంటికి భుజం అంత మేర తగ్గుతుంది. అప్పుడు చంకను మాత్రం బిగించకూడదు, చెయ్యి పూర్తిగా పైకెత్తి చూసుకునే కొలత ఖాయం చేయాలి. నా పెళ్లి కథ మీరు మళ్లీ చెప్పుకోవలసిన అవసరం రాకూడదు కదా. చేతుల పొడవు జబ్బ బాగా లావుగా ఉన్న చోట ఆగకూడదు, ఎందుకంటే చూపు కూడా అక్కడే ఆగుతుంది. మోచేతికి కాస్త పైన గాని, మోచెయ్యి దాటాక గాని ఆగాలి. వీపు వెడల్పుగా ఉంటే వెనక మెడను యూ ఆకారంలో కాస్త దించి, పైన కట్టుకునే తాళ్లు పెట్టిస్తే ఆ వెడల్పు రెండుగా విడిపోతుంది. ముందు వైపు మాత్రం ప్రిన్సెస్ కట్‌లో (రొమ్ము మీదుగా నడుము దాకా నిలువు కుట్లతో), లోపల కప్పులు పెట్టి కుట్టమనడం మంచిది. మామూలు జాకెట్టులో డాట్లు (గుడ్డను మడిచి వేసే కోణపు కుట్లు) రొమ్ము మొన ఫలానా చోట ఉంటుందనుకుని వేస్తారు. మన ఛాతీ మీద ఆ చోటు కాస్త పక్కలకు జరిగి ఉంటుంది కనుక డాట్లు వేసిన దగ్గర గుడ్డ ఖాళీగా ముడతలు పడుతుంది. మీరు వాడే బ్రాను, దానిలో పెట్టే ప్యాడ్లను వేసుకుని వెళ్లాకే కొలత ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, పక్క కుట్లలో రెండువైపులా అంగుళంన్నర గుడ్డ లోపల వదలమనండి. చికిత్సలో ఉన్నవారికి ఛాతీ పెరిగినకొద్దీ కుట్టు విప్పి వేసుకోవచ్చు. మొదటిసారి ఒకే ఒక్క జాకెట్టు కుట్టించి, నాలుగు రోజులు వేసుకుని, లోపాలు సరిచేయించాక దానినే కొలత జాకెట్టుగా దాచుకోండి.

చీరలో పన్నా, గంజి, పైట

పొడవైనవారు చీర రంగు చూడకముందే పన్నా, అంటే చీర వెడల్పు, అడగాలి. నడుము నుంచి నేలకు 41 అంగుళాలు ఉండి, కాస్త ఎత్తు చెప్పులు వేసుకుంటే 42. లోపలికి దోపడానికి ఇంకో మూడు. అంటే 45 అంగుళాలు ఖర్చయిపోతాయి. 44 అంగుళాల పన్నా ఉన్న చీర మీ చీలమండలను బయటపెడుతుంది. కొట్టులో చీరను అడ్డంగా టేపుతో కొలిపించి, 47, 48 అంగుళాలు ఉంటేనే తీసుకోండి. మనసుపడిన చీరకు పన్నా తక్కువైతే, దోపే వైపు పై అంచుకు నాలుగంగుళాల నూలు గుడ్డ అతికించమంటే దర్జీ అతికిస్తారు. కట్టుకున్నాక అది కనబడదు.

తుంటి సన్నగా ఉన్నవారికి ఈ ప్రాంతం ఇచ్చిన వరం నూలు చీరే అనుకుంటాను. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి చీరలు సన్నని నూలుతో, ఒంటి మీద బరువే తెలియకుండా ఉంటాయి; కోవూరు పక్కన పాటూరులోనూ, ఉమ్మడి ప్రకాశంలోని చీరాలలోనూ మగ్గం చీరలు దొరుకుతాయి. అదే చీరను గంజి లేకుండా కడితే ఒంటిని అంటి జారుతుంది, గంజి పెట్టి ఇస్త్రీ చేసి కడితే కుచ్చిళ్ల దగ్గర విచ్చుకుని తుంటికి నిండుదనం ఇస్తుంది. షిఫాన్, జార్జెట్ చీరలు కట్టడం తేలికే గాని, లోపల ఉన్న ఒంపునే చూపిస్తాయి, లేని ఒంపును ఇవ్వవు. అందుకే ఒంటికి అతికే చీర షేప్‌వేర్ కన్నా కుచ్చులున్న నూలు లంగా మనకు మేలు. లంగాను బొడ్డు దగ్గర కట్టండి. బాగా కిందికి దించితే నడుము ఇంకా పొడవై, తుంటి ఇంకా సన్నబడుతుంది. అంచు పెద్దదైతే చూపు కిందికి దిగి భుజాల నుంచి పక్కకు పోతుంది.

పైటను సన్నగా మడిచి భుజం చివరన పిన్ను పెడితే రెండు భుజాలూ పూర్తిగా కనబడతాయి. ఒంటి పొర పైటను వదులుగా చేతి మీదుగా జారవిడిస్తే ఎడమ భుజం గీత మాయమవుతుంది. పిన్నును మెడ వైపుకు రెండంగుళాలు జరిపి పెట్టండి. బస్సుల్లో తిరిగేవారికి వదులు పైట ఇబ్బందే కనుక, పనిరోజుల్లో వెడల్పు మడతలతో పిన్ను పెట్టుకోవడం నడుమ దారి. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు వెళ్లి స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టె మార్చుకోవాలనుకునేవారు, కింద ఫాల్ కుట్టిన ముదురు రంగు చీరను చీలమండ పైకి కట్టుకోవాలి. తడిసిన లేత రంగు నూలు లోపలి లంగాను బయటపెడుతుంది.

లోపలి దుస్తులు, మన ఎండలు

బ్రా కొనేటప్పుడు రొమ్ము కింది కొలత పట్టీ సైజును, దానికీ ఛాతీ కొలతకూ ఉన్న తేడా కప్పు సైజును చెబుతాయి. తేడా ఒక అంగుళమైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ. పట్టీ చాలకపోతే వెనక తగిలించే హుక్కుల పట్టీ విడిగా దొరుకుతుంది. తొడల మధ్య ముందు భాగం చదునుగా కనబడడానికి బిగుతైన లోదుస్తులు వాడేవారు ఒక్క విషయం మరవకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు సముద్రపు ఉక్కపోత తోడయ్యే చోట గంటల తరబడి బిగుతుగా ఉంచితే చెమటపొక్కులు, ఒరుపు, నొప్పి తప్పవు. ఇంటికి రాగానే తీసేయండి, నిద్రలో వద్దు, మొద్దుబారినట్టు అనిపిస్తే వెంటనే వదులు చేయండి. చీర కింద, గేరు ఎక్కువున్న కుర్తీ కింద అసలు అంత బిగుతు అవసరమే ఉండదు.

గాజులు, చెప్పులు

మట్టిగాజుల కొట్టులో 2.4, 2.6, 2.8 సైజులు ముందు పెడతారు. సిగ్గుపడకుండా 2.10 గాని 2.12 గాని అడగండి, ఉంటాయి. చెయ్యి పట్టకపోతే ముందు సబ్బు నురగ రాసుకోండి. ఆడవాళ్ల చెప్పులు చాలా కొట్లలో 8వ నంబరుతో ఆగిపోతాయి. అంతకన్నా పెద్ద పాదానికి కొలతిచ్చి తోలు చెప్పులు కుట్టించుకోవడమే నయం.

బయటికి వెళ్లే ముందు

ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి మూడు ఫోటోలు తీసుకోండి. అద్దం ముందునే చూపిస్తుంది, వీధి మాత్రం వెనకనూ చూస్తుంది. ఆ తర్వాత బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తండి, పీట మీద కూర్చుని లేవండి, రెండు మెట్లు ఎక్కి దిగండి. ఎక్కడ లాగిందో, ఎక్కడ జారిందో అక్కడ ఒక పిన్ను పెట్టి, మర్నాడు దర్జీకి అదే చోటు చూపించండి. కొలత జాకెట్టు లోపలి పట్టీ మీద కొలత తీసుకున్న తేదీని పెన్నుతో రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత కుట్టు ఎంత విప్పాలో తేలిగ్గా తెలుస్తుంది.